పదిహేడు మంది పనికొస్తారు, పదిహేడు మంది పనికిరారు



కీర్తనల తరగతి గురించి కార్యవర్గం తయారుచేసిన తీర్మానం ముసాయిదా మన వాట్సాప్ గుంపులో అందరూ చూసే ఉంటారు. పాట మాస్టారికి నెలనెలా ఇచ్చే సంభావన ఆపాలని, తరగతి ఇకపై 'సేవాభావంతో' నడవాలని, మిగిలే డబ్బు ఉగాది నాటి సినిమా పాటల ఆర్కెస్ట్రాకూ హాలు ముందు నిలబెట్టబోయే తెలుగుతల్లి విగ్రహానికీ వాడాలని అందులో ఉంది. కారణం కూడా రాశారు. ఆరేళ్ళు నేర్పినా పిల్లల పాటలో 'స్టాండర్డు' రాలేదట.

మేము దీన్ని ఒప్పుకోము. మేము అంటే, ఆ తరగతికి పిల్లల్నో మనవల్నో పంపే ఇళ్ళవాళ్ళం. కింద పేరు ఒక్కటే ఉన్నా మాట పదిమందిది. పొడుగ్గా ఉంటుంది. కాఫీ పెట్టుకుని చదవండి.

ఈ 'స్టాండర్డు' అనే మాట మీద ఒక పాత ఫైలు ఉంది. జర్మనీ దేశంలో లైప్జిగ్ అనే ఊరిది. తేదీ 1730 ఆగస్టు 23. రాసినాయన ఆ ఊళ్ళో సెయింట్ థామస్ చర్చి క్వయర్‌ను నడిపిన యోహాన్ సెబాస్టియన్ బాఖ్. (తమిళ బడిలో చదివిన మన నోటికి ఆ చివరి అక్షరం 'క్' అనే వస్తుంది. పరవాలేదు, ఆ సంగతికి తర్వాత వద్దాం.) రాసింది ఊరి పాలకమండలికి. ఆరాధనలో పాట సక్రమంగా సాగాలంటే ఏమేం కావాలి, ఇప్పుడు ఏమున్నాయి అని ఆ కాగితం లెక్క చెబుతుంది.

ఇంట్లో త్యాగయ్య ఉండగా లైప్జిగ్ దాకా ఎందుకు పోవాలని అడిగేవాళ్ళు ఉంటారు. త్యాగయ్యకు కార్యవర్గం లేదు, అందుకు. ఆయన మీద తీర్మానం చేసినవాళ్ళు ఎవరూ లేరు. మనకొచ్చిన తగవు రాగంతోనో మతంతోనో వచ్చింది కాదు, కమిటీతో వచ్చింది. కమిటీ కింద పనిచేసిన సంగీతకారుడి కథ కావాలంటే బాఖ్ కథకు మించినది మాకు తెలియదు.

ముందు అక్కడి పాట పద్ధతి చెప్పాలి. మన భజనలో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు. గొంతు బాగులేనివాడు తాళం వేస్తాడు, గోష్ఠి సాగిపోతుంది. అక్కడ అలా కుదరదు. నాలుగు రకాల గొంతులు నాలుగు వేర్వేరు వరుసలు ఒకేసారి పాడాలి. ఒక వరుస తప్పితే మంచానికి కోడు విరిగినట్టే. పైగా ఆ చర్చిలో ఆడవాళ్ళు పాడే ఆచారం అప్పుడు లేదు, కాబట్టి పై వరుసలు మగపిల్లలే పాడాలి. మగపిల్లవాడి గొంతు ఎన్నాళ్ళుంటుంది? పగిలే దాకా. తయారైన గొంతు ఒకటి పోతుంటే తయారుకావలసినది వెనక ఉండాలి. అందుకే ఆ క్వయర్ వెనక ఒక బడి, బడిలోనే తిండీ పడకా. 1212లో ఒక మఠంతోపాటు మొదలైన బడి అది. మతసంస్కరణ తర్వాత ఊరి పాలకమండలి చేతికి వచ్చింది. బాఖ్ నాటికి అక్కడ ఉండి చదివే పిల్లలు 55 మంది. ఆ 55 మందితోనే ఊళ్ళో నాలుగు చర్చిలకు ఆదివారం పాట సర్దాలి.

బాఖ్‌ను పనిలోకి తీసుకున్న తీరు కూడా మనవాళ్ళు వినదగ్గదే. 1722లో పాత కాంటర్ చనిపోయాడు. పాలకమండలి మొదట టెలిమన్‌ను కోరింది. ఆయన ఈ పిలుపు చూపించి హాంబుర్గ్‌లో జీతం పెంచుకుని అక్కడే ఉండిపోయాడు. తర్వాత గ్రౌప్నర్‌ను కోరింది. ఆయన దొర వదిలిపెట్టలేదు. ఇక మేలైనవాళ్ళు దొరకడం లేదు కనుక మధ్యరకం వాళ్ళలో ఒకరితో సరిపెట్టుకోవాలి అన్న ధోరణిలో ఒక సభ్యుడు మాట్లాడినట్టు రికార్డులో ఉంది. ఆ తర్వాత, 1723 వసంతంలో, ఉద్యోగం బాఖ్‌కు వచ్చింది. మొదటి రెండు మూడేళ్ళు ఆయన దాదాపు ప్రతి ఆదివారానికీ ఒక కొత్త కృతి రాశాడు. సుమారు ఇరవై నిమిషాల పాట, వాద్యాలతో సహా. సోమవారం మొదలుపెట్టి రాయాలి, నకళ్ళు తీయించాలి, పిల్లలకు నేర్పాలి, ఆదివారం పొద్దున పాడించాలి. మళ్ళీ సోమవారం. అలా రాసినవాటిలో ఈనాటికి మిగిలినవే రెండు వందలదాకా ఉన్నాయి. మత్తయి సువార్త ప్రకారం యేసు శ్రమలను రెండు క్వయర్లకు కూర్చిన ఆ పెద్ద కృతి కూడా ఆ ఉద్యోగంలో రాసినదే.

ఇంత చేసినాయన ఏడేళ్ళకు కూర్చుని ఒక స్టాఫు లెక్క రాసుకోవలసి వచ్చింది.

రైల్వే ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్‌లో జీవితం గడిపిన మా చేతికి ఆ కాగితం బాగా తెలిసిన కాగితం. శాంక్షను ఎంత, రోల్లో ఉన్నది ఎంత, డ్యూటీకి వస్తున్నది ఎంత, అంతే. ఒక్కో క్వయర్‌కు తక్కువలో తక్కువ 12 మంది గాయకులు, అంటే వరుసకు ముగ్గురు. 16 మంది ఉంటే ఇంకా మంచిది. ముగ్గురెందుకు? ఒకడికి జలుబు చేస్తే ఆ ఆదివారం పాట ఆగకూడదని. గ్యాంగులో మనిషి తక్కువైతే ట్రాకు పని ఏమవుతుందో తెలిసినవాడు రాసే మాట అది. వాద్యాలకు కనీసం 18 మంది కావాలి, ఉన్నవాళ్ళు ఎనిమిది మంది. ఆ ఎనిమిది మందిలోనూ ఒకడు ఇంకా నేర్చుకుంటున్న కుర్రవాడు. మిగతావాళ్ళ పనితనం గురించి చెప్పడానికి మర్యాద అడ్డొస్తోందంటూ ఊరుకున్నాడు. పై ఆఫీసుకు నోటు పెట్టే కళ తెలిసిన మనిషి.

ఇక పిల్లల లెక్క. పేరు పేరునా రాశాడు. పనికొచ్చేవాళ్ళు 17. ఇంకా తయారుకావలసినవాళ్ళు 20. సంగీతానికి పనికిరానివాళ్ళు 17. నాలుగో చర్చికి, పాట అంటే ఏమిటో తెలియనివాళ్ళను, మామూలు ప్రార్థన పాటే కష్టం మీద పాడేవాళ్ళను పంపుతున్నానని కూడా దాచకుండా రాశాడు.

ఆలోచించండి. పశ్చిమ దేశాల సంగీతంలో ఇంతకంటె పెద్దవాడు లేడని లోకం ఈనాడు ఒప్పుకునే మనిషి దగ్గర కూడా సగానికి పైగా పిల్లలు ఆదివారానికి తయారుగా లేరు. మాస్టారు గట్టివాడైతే స్టాండర్డు దానంతట అదే వస్తుందనే వాదం లైప్జిగ్‌లోనే వీగిపోయింది. ఆడలేక మద్దెల ఓడు అనే సామెత మనకు ఉంది. మద్దెల నిజంగానే ఓడైతే ఏం చేయాలో ఆ సామెత చెప్పదు. బాఖ్ కాగితం చెబుతుంది.

ఎందుకిలా అయిందో కూడా రాశాడు. సంగీతం రాని పిల్లలను బడిలో చేర్చుకుంటున్నారు. ఇదివరకు విద్యార్థులు వచ్చి వాయిస్తే, పాడితే, చేతిలో కాస్త పైకం పడేది. దాన్ని ఆపేశారు, వాళ్ళు రావడం మానేశారు. ఊరికే ఎవరు చేస్తారు అని మొహమాటం లేకుండా అడిగాడు. డ్రెస్డెన్ వెళ్ళి చూడండి అన్నాడు. అక్కడ రాజుగారి సంగీతకారులకు తిండి దిగులు లేదు, ఒక్కొక్కడు ఒక్క వాద్యం మీదే సాధన చేస్తాడు, కాబట్టే అంత బాగా వాయిస్తాడు. ఇక్కడివాళ్ళు పొట్టకూటి వెంట తిరగాలి, సాధనకు తీరిక ఎక్కడిది? ఆ కాగితం సారం ఇదే. డబ్బు తగ్గితే పాట తగ్గుతుంది. ఇందులో వేదాంతం ఏమీ లేదు.

పాలకమండలి ఏం చేసింది? ఆ కాగితానికి మూడు వారాల ముందే ఆగస్టు 2న కూర్చుని, ఈయన పని చేయడు, చెబితే వినడు అని తేల్చి, పైరాబడిలో కోత పెట్టాలని అనుకుంది. ఏడాదికేడాది ఆదివారం కృతులు విన్న ఊరు అది. కాగితంలో అడిగినది ఆయనకు దొరకలేదు.

బాఖ్ సాధువేమీ కాదు, అది కూడా చెప్పుకుందాం. సెలవు అడగకుండా ఊరు వెళ్ళేవాడు. లాటిన్ పాఠం చెప్పవలసి ఉంటే తన డబ్బుతో మరొకరిని పెట్టి తప్పించుకున్నాడు. మొండితనం బాగా ఉంది. అధికారుల కోణం నుంచి చూస్తే ఛార్జిషీటు ఇవ్వడానికి కావలసినంత సరుకు. మన మాస్టారు కూడా రెండు సమావేశాలకు రాలేదని, కార్యదర్శి గారు వస్తే లేచి నిలబడలేదని మినిట్స్‌లో రాశారు. రాసుకోండి. పాట ఎలా ఉందని అడిగితే దానికి ఇది జవాబు కాదు.

ఆ ఏడాదే అక్టోబరు 28న బాఖ్ చిన్ననాటి స్నేహితుడికి ఒక ఉత్తరం రాశాడు. తన రాబడి సుమారు 700 థాలర్లు, అందులో చాలాభాగం పెళ్ళిళ్ళ మీద, చావుల మీద వచ్చేది. గాలి ఆరోగ్యంగా వీస్తే చావులు తగ్గుతాయి, రాబడీ తగ్గుతుంది. క్రితం ఏడాది అలా వందకు పైగా థాలర్లు పోయాయని వాపోయాడు. చదివితే నవ్వొస్తుంది. కాసేపటికి నవ్వు ఆగిపోతుంది. ఊరంతా ఆరోగ్యంగా ఉంటే పాట మాస్టారింట్లో పొయ్యి సరిగా వెలగదన్నమాట. మన మాస్టారి సంభావన ఆపి, 'పెళ్ళిళ్ళకు, గృహప్రవేశాలకు మనవాళ్ళే పిలుస్తారు కదా' అని ముసాయిదాలో ఒక వాక్యం పెట్టారు చూశారా? మూడు వందల ఏళ్ళ కిందటి ఏర్పాటునే మళ్ళీ తెచ్చారు.

ఇప్పుడు మన తరగతికి వద్దాం. వారానికి రెండు రోజులు, హాలు వెనక గదిలో, గంటన్నర. రిజిస్టరులో 23 మంది పిల్లలు. వీళ్ళందరూ తమిళం చదువుతున్నవాళ్ళే. 2006 చట్టం తర్వాత ఈ రాష్ట్రంలో బడిలో తమిళం ఒకటో తరగతి నుంచి మొదలై ఏటా ఒక్కో మెట్టు పైకి ఎక్కింది. తమిళం మనకు అన్నం పెట్టిన భాష, దానితో మాకు పేచీ లేదు. కానీ మన పిల్లలకు తెలుగు అక్షరం బడిలో దొరకదు, ఇంట్లో దొరికేది వంటింటి తెలుగు. అది కూడా 'సాప్పాడు', 'వేల' కలిసిన తెలుగు. వాళ్ళు కీర్తన తమిళ లిపిలో రాసుకుని పాడతారు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుకే పాట పుస్తకాల్లో అక్షరం పక్కన 2, 3, 4 అని చిన్న అంకెలు వేస్తారు. మాస్టారు ఆ అంకెలు ఒక్కొక్కటీ నోటితో పలికించి దిద్దాలి. 'భ' దగ్గర పొట్ట మీద చెయ్యి పెట్టుకోమంటారు, గాలి బయటకు రావాలని. రాగం సంగతి ఆ తర్వాత. ఆరేళ్ళలో ఆయన రెండు పనులు చేశారు, సంభావన ఒక పనికే ఇచ్చాం. బాఖ్ భాషలో చెప్పాలంటే ఇందులో ఏడెనిమిది మంది పనికొస్తారు, పదిమంది దాకా తయారవుతున్నారు, మిగతావాళ్ళు సుండలు కోసం వస్తారు. వాళ్ళు కూడా రావాలి. వచ్చే ఏడాది పనికొచ్చేవాళ్ళు వాళ్ళలోనుంచే రావాలి మరి.

'త్యాగయ్య ఉంఛవృత్తి చేసి పాడాడు, డబ్బు అడిగాడా?' అని ఒక పెద్దాయన గుంపులో రాశారు. నలభై మంది దండం పెట్టారు. ఈ వాదం మాకు అసహ్యం. ఉంఛవృత్తి ఆయన తనకు తాను పెట్టుకున్న నియమం. అది ఇంకొకడి మీద రుద్దితే దానికి వేరే పేరుంది. తిరువయ్యారులో ఆయన గడపకు ఇంటి అద్దె గుంజడానికి ఎవడూ రాలేదు. మన మాస్టారికి ప్రతి నెలా ఐదో తేదీన వస్తాడు. ఇంకొక సంగతి. ఆ కీర్తనలు మనదాకా వచ్చాయంటే శిష్యులు కూర్చుని నేర్చుకున్నారు, వాలాజాపేటలో శిష్యులు రాసిపెట్టారు కాబట్టి వచ్చాయి. ఆ సమాధికి గుడి కట్టించడానికి బెంగుళూరు నాగరత్నమ్మ తన సొత్తు పోసింది. సేవాభావం గురించి ఉపన్యాసం ఇచ్చి ఊరుకుని ఉంటే ఈరోజు పుష్య బహుళ పంచమినాడు పంచరత్నాలు పాడేవాళ్ళు ఉండేవారా?

ఇక విగ్రహం. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అనే మాట మా ఇళ్ళలో వాడుక. అంతకంటె కోపంగా రాయకూడదని ఆపుకుంటున్నాము. లైప్జిగ్‌లో కూడా విగ్రహం ఉంది, ఆ చర్చి పక్కనే. దాని తేదీ చూడండి, 1908. బాఖ్ పోయింది 1750లో. ఈ మధ్య కాలంలో ఆయన పాటను బతికించినది ఎవరు? ఆయన పోకముందే, 1749లో, పాలకమండలి ఒక సత్రంలో తర్వాతి కాంటర్‌కు పరీక్ష పెట్టేసింది. మనిషి ఇంకా ఉద్యోగంలో ఉండగానే. ఆయన భార్య అన్నా మగ్దలేనా నకళ్ళు రాసి రాసి ఆయనకు కుడిచెయ్యిగా ఉన్న మనిషి, తనూ మంచి గాయని. 1760లో ధర్మపు డబ్బు మీద బతుకుతూ పోయింది. పింఛను ఫైళ్ళు చూసినవాళ్ళం, ఈ ఒక్క వాక్యం దగ్గర కొంచెంసేపు ఆగిపోయాము. సమాధి మీద గుర్తు కూడా లేదు. ఆయన పెద్ద కృతులను కచేరీలలో పాడేవాళ్ళు దాదాపు లేకపోయారు. మెండెల్‌సన్ అనే ఇరవై ఏళ్ళ కుర్రవాడు 1829లో బెర్లిన్‌లో ఆ శ్రమల గానాన్ని మళ్ళీ వినిపించే దాకా అంతే.

కానీ ఒకచోట మాత్రం పాట ఆగలేదు. ఆ బడి పిల్లలు ఆయన మోటెట్లు పాడుతూనే ఉన్నారు. 1789లో మొజార్ట్ లైప్జిగ్ వచ్చాడు. అప్పటి కాంటర్ డోలెస్, బాఖ్ దగ్గర చదువుకున్నవాడు. పిల్లల చేత రెండు క్వయర్ల మోటెట్ ఒకటి పాడించాడు. మొజార్ట్ ఉలిక్కిపడి విన్నాడట. పాట అయ్యాక కాగితాలు అడిగాడు. మొత్తం ఒకచోట రాసిన ప్రతి లేదు, ఒక్కో గొంతుకు ఒక్కో కాగితం. వాటిని చేతుల్లో, మోకాళ్ళ మీద, పక్క కుర్చీల మీద పరుచుకుని అన్నీ చదివేదాకా లేవలేదని రోఖ్లిట్స్ అనే ఆయన తర్వాత రాశాడు. లోకం వదిలేసిన మనిషిని మొజార్ట్‌కు చూపించినది విగ్రహం కాదు. నెల నెలా గొంతులు పగులుతూ, కొత్తవాళ్ళు చేరుతూ, పాత పాట ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి అందించుకున్న పన్నెండేళ్ళ పిల్లలు. ఆ బృందం ఇప్పటికీ ఉంది. శుక్రవారం, శనివారం ఆ చర్చిలో పాడుతున్నారు. 1212 నుంచి లెక్కేసుకోండి.

మన హాలు ముందు నిలబడబోయే తెలుగుతల్లి చేతిలో కలశం ఉంటుంది, వరికంకులు ఉంటాయి. ఆమె కింద నిలబడి ఆమె పేరు తెలుగు అక్షరాల్లో చదవగల పిల్లవాడు ఎంతమందో లెక్క తీయండి. ఆర్కెస్ట్రావాళ్ళు ఉగాది రాత్రి పాడి, కీబోర్డు సర్దుకుని, పదింటికి వ్యాను ఎక్కి పోతారు. వాళ్ళ మీద మాకు కోపం లేదు, వాళ్ళ కూలి వాళ్ళకు ఇవ్వవలసిందే. అయితే మరుసటి శుక్రవారం పిల్లలకు 'భ' నేర్పడానికి వాళ్ళు రారు.

సర్వసభ్య సమావేశంలో మేము ఈ సవరణ పెడుతున్నాము. మాస్టారి సంభావన ఆపడం లేదు, రెండు వేలు పెంచుతున్నాము. పై తరగతి పిల్లలు నలుగురు చిన్నవాళ్ళకు పాఠం వల్లె వేయిస్తున్నారు, వాళ్ళకు బస్సు ఛార్జి, టిఫిను సంఘం ఇవ్వాలి. విగ్రహం నిధి విడిగా వసూలు చేసుకోవచ్చు, ఇష్టమున్నవాళ్ళు ఇస్తారు, తరగతి పద్దు నుంచి పైసా పోకూడదు. తరగతి ఎలా నడుస్తోందో చూడడానికి ఇద్దరు సభ్యులను పెట్టండి, మాకు అభ్యంతరం లేదు. ఆ ఇద్దరిలో ఒకరికైనా పాట వచ్చి ఉండాలి.

బలపరచేవాళ్ళు కింద పేరు, సభ్యత్వం నంబరు రాయండి. దండం బొమ్మ పెడితే చాలదు, ఓటు లెక్కకు అది రాదు. సమావేశానికి ముందు శుక్రవారం సాయంత్రం ఆరింటికి తరగతి ఉంది. ఏ పక్కన ఓటు వేసేవాళ్ళైనా ఒకసారి వచ్చి వెనక వరుసలో కూర్చోండి. ఆరోజు శ్రీరాగం పంచరత్నం చరణాలు నడుస్తున్నాయి. చెప్పులు బయట విడిచి, ఫోను ఆపి రండి.